జోకుకి కూడా ఊరు పేరు ఉండాల

మొన్న ఎండాకాలంలో మా చిన్నాయన ఫోన్ చేసి, "ఏం రా, మధ్యాన్నం పన్నెండు నుంచి మూడు దాకా బయట తిరిగితే ఎండ పన్ను కట్టాలంట గదా, నువ్వు రాతలు రాస్తాంటావు గదా, మాకు ఒక్క మాట చెప్పల్యా?" అన్నాడు. నాకు ఒక నిమిషం ఏమీ అర్థం కాలే. తర్వాత తెలిసింది ఏందంటే, అనంతపురం ఎండల మీద ఎవరో మీమ్ పేజీ వాళ్లు టీవీ బ్రేకింగ్ న్యూస్ లాగా ఎర్ర పట్టీ పెట్టి ఒక జోక్ చేసినారు, కింద మూలన చిన్న అక్షరాల్లో పేజీ పేరు కూడా వేసినారు, ఎవడో పుణ్యాత్ముడు ఆ మూల కత్తిరించి ఫార్వర్డ్ కొట్టినాడు, మా ఫ్యామిలీ గ్రూప్‌కి వచ్చేసరికి అది వార్త అయిపోయింది. చిన్నాయన కోపం పన్ను మీద కూడా కాదు. "గొడుగు వేసుకుంటే సగం కడితే చాలంట, మరి టవాలు చుట్టుకున్నోనికి రాయితీ లేదా?" అని. అసలు జోక్ కంటే ఈ ముక్కే బాగుంది.

చిన్నాయనని చూసి నవ్వడం ఈజీ గానీ, ఇంతకంటే పెద్దోళ్లే దొరికిపోయినారు. అమెరికాలో ది ఆనియన్ అని 1988లో మాడిసన్ అనే ఊర్లో ఇద్దరు స్టూడెంట్లు మొదలుపెట్టిన ఉత్తుత్తి వార్తల పేపర్ ఉంది, 1996 నుంచి వెబ్‌సైట్ కూడా ఉంది. 2012లో వాళ్లు ఉత్తర కొరియా కిమ్ జాంగ్ ఉన్‌ని ఆ ఏడాది ప్రపంచంలోనే అందరికన్నా సెక్సీ మగాడు అని ప్రకటించినారు. చైనా కమ్యూనిస్టు పార్టీ పేపర్ పీపుల్స్ డైలీ ఉంది చూడండి, దాని వెబ్‌సైట్ ఇది నిజమే అనుకుని 55 ఫొటోలతో స్లైడ్ షో పెట్టేసింది. వాళ్ల దాకా వచ్చేసరికి ఆ జోక్‌కి సొంత ఊరు తెగిపోయింది, అంతే. ఆనియన్ చదివే అలవాటు ఉన్నోనికి ఆ పేరు చూస్తానే నవ్వు రెడీగా ఉంటది, పేరు తీసేస్తే మిగిలేది వార్తే.

అందుకే "నెట్‌లో నవ్వు ఎక్కడ దొరుకుతుంది" అని ఎవరన్నా అడిగితే ఇప్పుడు సైట్ పేరు చెప్పడం కష్టం. ఒకప్పుడు అట్ల కాదు, నెట్ సెంటర్‌లో గంటకి ఇంత అని కట్టి కూర్చుంటే నవ్వుకోవడానికి ఫలానా సైటే అని పోయి చూసేవాళ్లం. పైసలు లేనప్పుడు ఎస్సెమ్మెస్ జోకులు, అవి కూడా పండగ రోజు ఎస్సెమ్మెస్ ప్యాక్ పనిచేయదు కాబట్టి ముందురోజు రాత్రే పంపేసుకునేది. తర్వాత ఫేస్‌బుక్, యూట్యూబ్ వచ్చి జోక్‌ని మన దగ్గరికే తోలుకొచ్చినాయి, సైట్‌కి పోయే జనం తగ్గినారు, యాడ్స్ డబ్బులు కూడా ఆ పెద్ద కంపెనీలకే మళ్లినాయి. 1999లో పుట్టిన కాలేజ్‌హ్యూమర్ లాంటి పేరున్న సైటే 2020 జనవరిలో వంద మందికి పైగా స్టాఫ్‌ని తీసేసి చేతులు మారింది, తర్వాత డ్రాపౌట్ అని పేరు మార్చుకుని చందా కట్టే జనం మీద బతుకుతాంది. 2008లో హాంకాంగ్‌లో పుట్టిన నైన్‌గ్యాగ్ అనే మీమ్‌ల సైట్ ఇంకా ఉంది గానీ, మావోళ్లలో ఆ పేరు టైప్ చేసి లోపలికి పోయేటోడు నాకైతే కనపడలే. రెడిట్‌లో నీ బొంద అని మన తెలుగోళ్ల అడ్డా ఒకటి ఉంది, బాగానే నవ్వు వస్తది, కాకపోతే అక్కడ హైదరాబాద్ ఆఫీసు, అమెరికా వీసా గోలే ఎక్కువ. బ్రహ్మానందం మొహం మాత్రం అన్ని చోట్లా ఉంటది, దానికి వీసా అక్కర్లేదు.

జోక్‌కి సొంత ఊరు ఉండాలనే సంగతి మా వైపు తోలుబొమ్మలాట చూసినోళ్లకి తొందరగా ఎక్కుతది. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో ఇప్పటికీ ఆ బొమ్మలు చేస్తారు, ఆ ఊరి దళవాయి చలపతిరావుకి 2020లో పద్మశ్రీ కూడా వచ్చింది. రాత్రంతా రామాయణం నడుస్తాంటే మధ్య మధ్యలో జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు అనే నవ్వించే బొమ్మలు తెర మీదికి దూకుతారు. రాముడు సీత కోసం ఏడుస్తాంటే నిద్రపోయిన పిల్లోళ్లు వీళ్లు రాంగానే లేచి కూర్చుంటారు. వాళ్ల మాటల్లో ఆడుతాండే ఊరి సంగతులు పడతాయి, అదీ విషయం. రావణాసురుడు ఏ ఊర్లో అయినా అదే డైలాగ్ కొడతాడు, పోలిగాడు మాత్రం ఊరు మారితే జోక్ మార్చాల్సిందే.

ఈ లెక్కన చూస్తే ఇప్పటి రీల్స్‌లో మా సీమ పరిస్థితి ఏందంటే, మామీద జోకులకి కొదవ లేదు, కానీ వాటిలో చానా వాటికి మా ఊరు లేదు. సుమోలు, బాంబులు, తొడ కొట్టుడు, "రేయ్" అని ఒక అరుపు. సినిమావోళ్లు ఇరవై ఏళ్ల కింద అమ్మిన సరుకునే మీమ్ పేజీలోళ్లు ఇప్పటికీ తూకానికి అమ్ముతాండారు. మేం నవ్వమా అంటే మొదట్లో నవ్వినాం. కడపలో పనుండి ఏ లాడ్జిలోనో దిగినోడు ఎర్రకారం దోసె తిని కళ్లల్లో నీళ్లు పెట్టుకుంటే అది అసలైన కామెడీ, దానికి బాంబు అక్కర్లేదు.

లోకల్ పిల్లోళ్లు చేసేవి వేరేగా ఉంటాయి. తొలకరి పడితే చాలు తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో వజ్రాల కోసం జనం వంగి వంగి వెతుకుతారు గదా, కర్నూలు వైపు దాని మీద ప్రతి ఏడూ జోకులు మొలుస్తాయి, అప్పు తీర్చమంటే "వాన పడనీ మామా" అనేటోడు, పెళ్లిచూపుల్లో పిల్లోడు ఏం చేస్తాడంటే "జూన్‌లో బిజీ" అనేటోడు. 2020 జూన్ 29న టిక్‌టాక్‌ని బ్యాన్ చేసినప్పుడు ఇట్లాంటి ఊరి కామెడీ చేసేటోళ్లకి పెద్ద దెబ్బే తగిలింది, చూసే జనం ఒక్క రాత్రిలో మాయం. చానామంది ఇన్‌స్టాకి, యూట్యూబ్ షార్ట్స్‌కి వచ్చి మళ్లీ ఒకటి నుంచి లెక్క మొదలుపెట్టినారు. అక్కడ ఇంకో తిప్పలు, మొదటి రెండు మూడు సెకన్లలో నవ్వించకపోతే వేలు పైకి జరుగుతది. మా వైపు ఎకసెక్కానికేమో తొందర ఉండదు, మొహం సీరియస్‌గా పెట్టి, పొలం సంగతి, గొర్రెల సంగతి మాట్లాడి, ఎప్పుడో చివర్లో ఒక మాట వదులుతారు, వినేటోనికి ఇంటికి పోయినాక నవ్వు వస్తది. దాన్ని ముప్పై సెకన్లకి కుదించినప్పుడు అరుపే మిగుల్తాంది.

అందుకే నేను వీడియో కంటే కింద కామెంట్లే ఎక్కువ చదువుతా. అక్కడ తొందర లేదు, పేరు కోసం పాకులాట కూడా తక్కువ. ఒకడు "వస్తాండా" అని రాస్తే అనంతపురం వైపోడని, "వచ్చాండా" అని రాస్తే కడప వైపోడని తెలిసిపోతది, ఇద్దరూ ఉగ్గాని బజ్జి కోసం కొట్టుకుంటాంటే మధ్యలో కర్నూలోడు దిగుతాడు, ఇంక చూడాల.

చిన్నాయన టవాలు మాట నాకు అంత నచ్చి ఫ్యామిలీ గ్రూప్‌లో పెడితే అందరూ పడి పడి నవ్వినారు. అదే మాట హైదరాబాద్‌లో ఉండే ఫ్రెండ్‌కి పంపినా. చానాసేపటికి రిప్లై వచ్చింది. "టవాలు దేనికి, స్నానానికా?"

ఫోన్ చేసి చెప్పాల్సి వచ్చింది, మా వైపు పెద్దోళ్లు ఎండకి టవాలు తలకి చుట్టుకుంటారు, అది గొడుగు కింద లెక్క అని. అంతా విని "ఓహో, బాగుంది" అన్నాడు.