మొదటి సూదికి ముందే కల్చర్‌కి ఇయ్యాలె

వానలు మొదలైతే చాలు, మా దిక్కు పరకాల నుంచి నర్సంపేట దాకా ఏ ఊరికి పోయినా టైఫాయిడ్ అట అనే మాటే వినపడ్తది. ఎట్ల తెలిసింది అంటే రక్తం టెస్ట్ చేసిన్రు, పాజిటివ్ వచ్చింది అంటరు. ఆ టెస్ట్ పేరు వైడాల్, 1896ల ఫ్రాన్స్ డాక్టర్ ఫెర్నాండ్ వైడాల్ తెచ్చిండు, మన ల్యాబుల్ల ఇప్పటికీ అదే నడుస్తుంది. కానీ అది బ్యాక్టీరియాను చూడనే చూడదు. దాని మీద మన ఒంట్ల తయారైన యాంటీబాడీలను చూస్తది, అవి పాత టైఫాయిడ్‌వి కావచ్చు, టీకావి కావచ్చు, వేరే జరానివి కూడా కావచ్చు. పైగా జరం వచ్చిన మొదటి వారంల అవి సరిగ్గ తయారే కావు, అంటే నిజంగ టైఫాయిడ్ ఉన్నోళ్లకి నెగెటివ్ రావచ్చు.

మా చిన్నమ్మకి ఇట్లనే అయింది. వైడాల్ రిపోర్ట్‌ల ఓ (O) 1:80, హెచ్ (H) 1:160 అని, అంటే రెండు రకాల యాంటీబాడీల లెక్క రాసి, టైఫాయిడ్ అన్నరు, ఐదు రోజులు సూదులు ఇచ్చిన్రు, జరం దిగలేదు, నడుము పక్కకు నొప్పి మొదలైంది. హన్మకొండకు తీస్కపోతే అక్కడి డాక్టరమ్మ అడిగిన మొదటి మాట, "ఇంతకుముందు ఏం సూదులు ఇచ్చిన్రు, చీటీ ఉందా?" చీటీ లేదు. బ్లడ్ కల్చర్ల, అంటే శాంపిల్‌ల బ్యాక్టీరియా ఉందేమో అని ల్యాబ్‌ల పెంచి చూసే టెస్ట్‌ల, ఏం పెరగలేదు, యూరిన్ కల్చర్ల మాత్రం ఈకోలై అనే బ్యాక్టీరియా వచ్చింది. జరం కిడ్నీ ఇన్ఫెక్షన్‌ది.

ఆ రిపోర్ట్ రావడానికి మూడు రోజులు పట్టింది, అంత టైం ఎందుకని నాకు మస్తు కోపం వచ్చింది. తర్వాత ల్యాబ్‌ల పనిచేసే దోస్తు చెప్తే సమజైంది. యూరిన్‌ని మెకాంకీ ప్లేట్ (బ్యాక్టీరియాకు తిండి పోసిన పళ్లెం) మీద గీసి 37 డిగ్రీల వేడిల రాత్రంతా పెడ్తరు, పొద్దునకి లాక్టోజ్ తినే బ్యాక్టీరియా గులాబీ రంగు చుక్కలుగ పెరుగుతది. ఈకోలై అట్లనే ఉంటది, క్లెబ్సియెల్లా అనే ఇంకో బ్యాక్టీరియా కూడా అట్లనే ఉంటది. అందుకే ఇండోల్ టెస్ట్ చేస్తరు, బ్యాక్టీరియా పెరిగిన ట్యూబ్‌ల కెమికల్ నాలుగు చుక్కలు వేస్తే పైన ఎర్రటి రింగ్ తేలింది అంటే ఈకోలై దిక్కే. ఇంకోపక్క గ్రామ్ స్టెయిన్ అని రంగులు వేసి మైక్రోస్కోప్‌ల చూసే టెస్ట్, 1884ల హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ కనిపెట్టింది, గోడ మందంగ ఉన్న బ్యాక్టీరియా ఊదా రంగును పట్టుకుంటది, పలచటి గోడది ఆల్కహాల్ పోయంగనే రంగు వదిలి తర్వాత వేసే ఎరుపును తీసుకుంటది. ఊదా రంగు గుండ్రటివి కనబడితే మాత్రం దారి వేరే, హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్క వేస్తే బుస్సున నురగ వస్తే స్టెఫైలోకాకస్, రాకపోతే స్ట్రెప్టోకాకస్ అయ్యుండొచ్చు. ఆఖరికి బ్యాక్టీరియా పూసి, దాని మీద ఒక్కో యాంటీబయాటిక్ అద్దిన చిన్న కాగితం బిళ్లలు పెట్టిన ప్లేట్, ఏ బిళ్ల చుట్టు బ్యాక్టీరియా పెరగక ఎంత ఖాళీ అయిందో స్కేల్ పెట్టి మిల్లీమీటర్లల్ల కొలుస్తరు. చిన్నమ్మకి ఐదు రోజులు ఇచ్చింది సెఫ్ట్రియాక్సోన్ అని అప్పటికి అడిగి తెలుసుకున్నం, రిపోర్ట్‌ల దాని పక్కన ఆర్ అని ఉంది, అంటే ఆ మందు దానికి పని చెయ్యదు.

కల్చర్ అంటే మందు ఆపి రిపోర్ట్ కోసం కూసోమని కాదు. సీరియస్‌గ ఉన్న మనిషికి మందు వెంటనే మొదలు పెట్టాల్సిందే, కాకపోతే శాంపిల్ తీసినంకనే ఆ సూది వెయ్యాలె. ఒక్క డోసు పడ్డా బ్లడ్ కల్చర్ల దొరికే ఛాన్స్ పడిపోతది. వైడాల్ చవక, పూటల రిపోర్ట్ వస్తది, ఊరి డాక్టర్లు దాన్ని ఎందుకు పట్టుకున్నరో అర్థమైతది, అయినా ఒక్కసారి తీసిన వైడాల్‌ను నమ్మి వారం రోజులు యాంటీబయాటిక్ సూదులు పొడుచుడు తప్పే అంట నేను.

ఇంక అసలు చిక్కు దూరం. ఏటూరునాగారం నుంచి వరంగల్‌కి దాదాపు 100 కిలోమీటర్లు, యూరిన్ శాంపిల్ ఏమో రెండు గంటల్ల ల్యాబ్‌ల ఉండాలె, లేకపోతే అండ్ల బ్యాక్టీరియా పెరిగి రిపోర్ట్ తప్పు వస్తది. అందుకే ప్రతి పీహెచ్‌సీల (ఊరి సర్కారు దవాఖానల) కల్చర్ బాటిళ్లు, రోజూ శాంపిళ్లు తీస్కపోయే బండి, యూరిన్‌కి ఐస్ బాక్స్ ఉండాలె. బ్లడ్ కల్చర్ బాటిల్‌ని మాత్రం ఆ ఐస్‌ల పెట్టద్దు, బయటనే ఉంచి పంపాలె.