సవరణ: జీ-8 స్కోరులో 14 అంటే

జీ-8 అంటే క్యాన్సర్ ఉన్న పెద్దవయసువాళ్ల ఒంటి పరిస్థితిని ఎనిమిది ప్రశ్నలతో అంచనా వేసే చిన్న పరీక్ష. పెద్దవయసువాళ్లకి పేగు క్యాన్సర్ ఆపరేషన్ గురించి మొన్న పెట్టిన పోస్టులో "జీ-8 స్కోరు 14 దాటితే రిస్కు ఎక్కువ" అని రాశాను. అది తలకిందులు, పొరపాటు నాదే. మొత్తం 17 మార్కులు; 14 గానీ అంతకన్నా తక్కువ గానీ వస్తేనే ఆలోచించాలి. వృద్ధుల క్యాన్సర్ వైద్యంలో వాడే అసలు ప్రశ్నావళితో సరిచూసుకున్నాను.

సీతమ్మధార నుంచి ఒకాయన ఫోన్ చేసి, "మా నాన్నగారికి 13 వచ్చింది, ఇక ఆపరేషన్ లేనట్టేనా?" అన్నారు. కాదండీ. ఇది వట్టి జల్లెడ. తక్కువ వస్తే నడక, జ్ఞాపకశక్తి, తిండి, వాడే మందులు, ఇంట్లో తోడు ఇవన్నీ విడిగా, వివరంగా చూడాలని అర్థం. కుర్చీలోంచి లేచి 3 మీటర్లు నడిచి, తిరిగొచ్చి కూర్చోమంటారు చూడండి, అదీ ఆ వివరమైన పరీక్షలో భాగమే. రక్తహీనత, నీరసం లాంటివి బయటపడితే వీలైనంతవరకు ఆపరేషన్‌కి ముందే సరిచేస్తారు.

వయసుకి జీ-8లో ఉన్నవి 2 మార్కులే. బరువు తగ్గడానికి 3. మూడు నెలల్లో 3 కిలోలకు మించి తగ్గితే ఆ మూడూ పోతాయి. అందుకే రోజూ ఆర్కే బీచ్‌లో నడిచే 82 ఏళ్లాయనకి, చిక్కిపోయిన 70 ఏళ్లాయన కన్నా మంచి స్కోరు రావచ్చు. మనవాళ్లు ముందు వయసే అడుగుతారు, అదే చిక్కు.

పేగు పూర్తిగా మూసుకుపోయి ఎమర్జెన్సీగా వెళ్తే మాత్రం ఇంత తీరిక ఉండదు, రిస్కూ పెరుగుతుంది. పాత పోస్టు ఫార్వర్డ్ చేసినవాళ్లు దీన్ని కూడా పంపండి.