మేరియన్ డేవిస్ సూసన్ అలెగ్జాండర్ కాదు

పాత హాలీవుడ్ గురించి ఎవరు ఏం రాసినా అందులో ఒక మాట తప్పకుండా కనిపిస్తుంది. 1941లో వచ్చిన 'సిటిజన్ కేన్'లో పత్రికాధిపతి కేన్ తన రెండవ భార్య సూసన్ అలెగ్జాండర్‌ను బలవంతంగా ఒపేరా గాయనిని చేయబోయి ఆమెను నలుగురిలో నవ్వులపాలు చేస్తాడు కదా, ఆ సూసన్ నిజజీవితంలో మేరియన్ డేవిస్ అనే నటి అని. ఆమె ప్రియుడు, పత్రికాధిపతి విలియం రాండాల్ఫ్ హర్స్ట్ డబ్బు గుమ్మరించి ఆమెను తారను చేయాలని చూశాడని. ఆమెకు నటన రాదని, సినిమాలు ఆడలేదని, మాటల చిత్రాలు రాగానే నత్తి బయటపడి తెరమరుగైందని, ఆమెకు కావలసింది ఆయన డబ్బేనని ఆ మాట సారాంశం. ఇందులో రెండు మూడు నిజాలు ఉన్నాయి. వాటి నీడన చేరిన అబద్ధాలు మాత్రం ఒక గొప్ప హాస్యనటిని ఎనభై ఏళ్లకు పైగా మరుగున పడేశాయి. అందుకే ఒక్కొక్కదాన్నీ విడదీసి చూడవలసి ఉంది.

మొదట సూసన్ సంగతి. కేన్ పాత్రలో హర్స్ట్ పోలికలు ఉన్నాయన్నది దాచినా దాగని విషయం. స్క్రీన్‌ప్లే రచయితలలో ఒకరైన హెర్మన్ మాంకీవిచ్ హర్స్ట్ కోటలో అతిథిగా గడిపినవాడు. సినిమా వచ్చినప్పుడు హర్స్ట్ పత్రికలు దాని పేరెత్తడానికి కూడా నిరాకరించాయి. సూసన్ జిగ్సా పజిల్ బొమ్మ ముక్కలు పేర్చుకుంటూ కూర్చోవడం, తాగుడు అనే రెండు వివరాలు మేరియన్ జీవితం నుంచి తీసుకున్నవేనని ఒప్పుకోవాలి. అయితే ఆ పాత్రకు గుండెకాయ లాంటి ఒపేరా కథ ఆమెది కానే కాదు. మేరియన్ ఎన్నడూ ఒపేరా పాడలేదు, హర్స్ట్ ఆమెకోసం ఒపేరా భవనం కట్టించలేదు. ఆ కథకు మూలాలు షికాగోలో ఉన్నాయి: తన భార్య, గాయని గన్నా వాల్స్కాను పైకి తేవాలని తపించిన ధనికుడు హెరాల్డ్ మెక్‌కార్మిక్ ఒకరు, 1929లో తెరిచిన సివిక్ ఒపేరా భవనాన్ని కట్టించిన విద్యుత్ వ్యాపారి శామ్యూల్ ఇన్సుల్ మరొకరు. 'సిటిజన్ కేన్' దర్శకుడు ఆర్సన్ వెల్స్ స్వయంగా ఈ ఇద్దరి పేర్లూ చెప్పాడు. అంతకన్నా ముఖ్యమైన సాక్ష్యం ఇంకొకటి ఉంది. మేరియన్ మరణానంతరం 1975లో ఆమె జ్ఞాపకాలు పుస్తకంగా వచ్చినప్పుడు దానికి ముందుమాట రాసింది వెల్సే. సూసన్‌కూ మేరియన్‌కూ పోలిక లేదని, తెర చరిత్రలోని చక్కని హాస్యనటీమణులలో ఆమె ఒకరని, హర్స్ట్ లేకపోయినా ఆమె తార అయ్యేదని ఆయన అందులో స్పష్టం చేశాడు. పాత్రను సృష్టించినవాడే కాదన్న తరువాత కూడా ఈ పోలికను పట్టుకుని వేలాడటం న్యాయం కాదు.

హర్స్ట్ లేకపోతే ఆమె లేదన్నది రెండవ మాట. 1897లో బ్రూక్లిన్‌లో మేరియన్ డౌరాస్‌గా పుట్టిన ఈ అమ్మాయి పదిహేడేళ్లు తిరిగేసరికే బ్రాడ్వే నాటకాలలో బృంద నర్తకిగా పనిచేస్తోంది. 1916లో జీగ్‌ఫెల్డ్ ఫాలీస్ అనే పేరుమోసిన ఆటపాటల ప్రదర్శన వేదిక ఎక్కింది. అందంతోపాటు అడుగులూ తెలిస్తే తప్ప అక్కడ చోటు దొరికేది కాదు. ఆమె మొదటి చిత్రం 'రనవే రోమనీ' 1917లో వచ్చింది. కథ ఆమె స్వయంగా రాసుకున్నది, దర్శకుడు ఆమెకు బావ వరస అయిన జార్జ్ లెడరర్. ఆమె కంటే ముప్పైనాలుగేళ్లు పెద్దవాడైన హర్స్ట్ తన కాస్మోపాలిటన్ సంస్థ ద్వారా ఆమె చిత్రాలను నిర్మించడం ఆ తరువాతి మాట. ఆయన డబ్బు ఆమెకు పెద్ద తెరను, పెద్ద సెట్లను, ఎడతెగని ప్రచారాన్ని ఇచ్చిందనడంలో సందేహం లేదు. కానీ ఆ ప్రచారమే ఆమెకు శాపమైంది. హర్స్ట్ పత్రికలు ప్రతి చిత్రానికీ ఒకే రకం స్తోత్రం వినిపిస్తుంటే, ఆ పొగడ్తలో నిజముందేమోనని చూసే ఓపిక మిగతావారిలో నశించింది.

ఇక నటన రాదన్న మూడవ ఆరోపణ. నేను ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఇదే. ఈ మాట అనేవారు ఆమె సినిమా ఒక్కటైనా చూశారా అన్న అనుమానం నాకు ప్రతిసారీ కలుగుతుంది. 1928లో కింగ్ వైడర్ దర్శకత్వంలో వచ్చిన 'ది పాట్సీ' అనే మూకీ చిత్రాన్ని తీసుకోండి. తల్లి గారాబమంతా పెద్ద కూతురికి దక్కుతుంటే ఇంట్లో ఎవరికీ పట్టని చిన్న కూతురు పాత్ర మేరియన్‌ది. మత్తులో పడి నిద్రపోతున్న ఒక షోకిలా యువకుడి దృష్టిని ఆకర్షించడానికి ఆ పిల్ల, గదిలో ఉన్న సినీతారల ఫొటోలు చూసి ఒక్కొక్కరినీ అనుకరించడం మొదలుపెడుతుంది. పెదవులు బిగించి మే మర్రే అవుతుంది. తలపై గుడ్డ కప్పుకుని, కళ్లు పెద్దవి చేసి, దిక్కులేని లిలియన్ గిష్ అవుతుంది. మరుక్షణంలో చూపులతో కాల్చేసే పోలా నెగ్రీ అయిపోతుంది. మాట లేదు, వేషం మార్పు లేదు. ముఖంలోని కండరాలు, మెడ ఒంపు, భుజాలు పట్టే తీరు మారితే చాలు, మనిషి మారిపోతుంది. ఆ తారలను ఎరగని నేటి ప్రేక్షకుడికి కూడా ముగ్గురు వేర్వేరు మనుషులు కనిపిస్తారు. ఎదుటివారిని అంత సూక్ష్మంగా గమనించి, అంతే సూక్ష్మంగా తన ఒంటిమీదికి తెచ్చుకోవడం డబ్బుతో కొనగలిగిన విద్య కాదు. నేను ఆ సన్నివేశాన్ని ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు, ఒక్కసారి కూడా అది పాతబడినట్టు అనిపించలేదు.

అదే ఏడాది అదే దర్శకుడు తీసిన 'షో పీపుల్' ఇంకో మెట్టు పైన ఉంటుంది. జార్జియా నుంచి తండ్రితో హాలీవుడ్‌కు వచ్చిన పెగ్గీ పెప్పర్, గంభీరమైన నటి కావాలని కలలు కంటూ, మోటు హాస్య చిత్రాల బృందంలో చిక్కుకుంటుంది. తాను చేస్తున్నది హాస్య చిత్రమని తెలియక నిండు మనసుతో నటించబోతున్న పిల్ల ముఖం మీద సోడా నీళ్లు చిమ్ముతారు. మొదట దిగ్భ్రమ, తరువాత అవమానం, ఆపైన ఏడుపు ఒక్క షాట్ పొడవునా ఆమె ముఖంలో వరుసగా దిగివస్తాయి. అక్కడ 'క్రీమ్ పై' అనే కేకులాంటి తినుబండారాన్ని ముఖం మీద విసరాలని వైడర్ అనుకున్నాడు. మేరియన్ ముఖం అలా పాడుకావడానికి హర్స్ట్ ఒప్పుకోకపోవడంతో సోడాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. తరువాత పెగ్గీకి పేరు వచ్చి, పొగరు కూడా వచ్చి, తనను నవ్వించిన పాత స్నేహితులకు దూరమవుతుంది. ఇదే చిత్రంలో మేరియన్ డేవిస్ తానుగా కూడా కాసేపు కనిపిస్తుంది. ఆమెను చూసి పెగ్గీ మొహం చిట్లించుకుంటుంది. తనను తానే ఎగతాళి చేసుకోగల ధైర్యం, నిబ్బరం లేని నటికి ఇది సాధ్యం కాదు. 2003లో అమెరికా జాతీయ చలనచిత్ర రిజిస్ట్రీలో, అంటే భద్రపరచదగిన చిత్రాల జాబితాలో, ఈ చిత్రానికి స్థానం దక్కింది.

హర్స్ట్ ఆమెకు మేలుతోపాటు కీడు కూడా చేశాడని చెప్పవలసింది ఇక్కడే. ఆయనకు ఆమె పూలరథం మీద రాజకుమారిలా కనిపించాలి. చారిత్రక వేషాలు, జరీ దుస్తులు, గౌరవప్రదమైన కన్నీళ్లు కావాలి. ఆమె బలమేమో అల్లరి, చురుకు, వెక్కిరింత. విమర్శకురాలు పాలిన్ కేల్ 1971లోనే ఈ విషయాన్ని గట్టిగా వాదించింది.

సినిమాలు ఆడలేదన్న మాటకు ఎక్కువ సమాధానం అక్కరలేదు. 'వెన్ నైట్‌హుడ్ వాజ్ ఇన్ ఫ్లవర్' 1922లోనూ, 'లిటిల్ ఓల్డ్ న్యూయార్క్' 1923లోనూ జనాన్ని బాగా రప్పించాయి. నష్టం వచ్చిన చోట ఆ నష్టానికి కారణం జనం రాకపోవడం కంటే ఖర్చుకు అంతులేకపోవడమే. జోసెఫ్ అర్బన్ వేసిన మహా సెట్ల ఖర్చు రాబట్టడం ఎంత పెద్ద తారకైనా కష్టమే.

నత్తి మాట నిజమే. చిన్నప్పటినుంచీ ఆమెకు నత్తి ఉంది, మాటల చిత్రాలు వస్తున్నాయనగానే ఆమె భయపడింది కూడా. కానీ కంఠస్థం చేసిన సంభాషణ చెప్పేటప్పుడు అది ఆమెను అడ్డుకోలేదు. 1929లో 'మేరియన్'లో ఫ్రెంచి పిల్లగా ఫ్రెంచి యాసతో మాట్లాడి, పాడి, మాటల యుగంలోకి అడుగుపెట్టిన మనిషి 1937లో 'ఎవర్ సిన్స్ ఈవ్' వరకు పదిహేను మాటల చిత్రాలలో నాయికగా నటించింది. బింగ్ క్రాస్బీ, గ్యారీ కూపర్, క్లార్క్ గేబుల్ ఆమె సరసన నటించారు. 1932లోని 'బ్లాండీ ఆఫ్ ది ఫాలీస్'లో జిమ్మీ డ్యురాంటీతో కలిసి గ్రేటా గార్బోను అనుకరించి నవ్వించిన తీరు చూస్తే, పాత విద్య గొంతుతోపాటు ఇంకా పదునెక్కిందని తెలుస్తుంది. మేరియన్‌కోసం తను కోరుకున్న పాత్రలు ఎంజీఎం స్టూడియోలో నార్మా షియరర్ అనే మరో నటికి వెళ్లినందుకు హర్స్ట్ అలిగి, స్టూడియో ఆవరణలోని మేరియన్ బంగళాను ముక్కలుగా విడదీయించి వార్నర్ బ్రదర్స్‌కు తరలించాడు. అక్కడ నాలుగు చిత్రాలు చేశాక, నలభై ఏళ్ల వయసులో ఆమె తెరకు సెలవు చెప్పింది. నత్తి తరిమేసిన మనిషికి ఎనిమిదేళ్ల టాకీ జీవితం ఎలా వచ్చింది?

చివరిది డబ్బు ఆశ. 1937లో హర్స్ట్ సామ్రాజ్యం అప్పుల్లో మునిగినప్పుడు, మేరియన్ తన నగలు, ఆస్తులు అమ్మి పది లక్షల డాలర్లు ఆయన చేతిలో పెట్టింది. అప్పటికి ఆయన వయసు డెబ్బై దాటింది, భార్య మిలిసెంట్‌తో విడాకులు జరగలేదు, మేరియన్‌కు చట్టరీత్యా ఆయనపై ఏ హక్కూ లేదు. అయినా ఆమె ఆయనను విడిచిపోలేదు. 1951 ఆగస్టు 14న బెవర్లీ హిల్స్‌లోని ఆమె ఇంట్లోనే ఆయన కన్నుమూశాడు. నిద్రమందు ప్రభావంలో ఉన్న ఆమె లేచేసరికి మృతదేహాన్ని తీసుకుపోయారు. అంత్యక్రియలకు ఆమె వెళ్లలేదు. సంస్థలో వాటాలపై ఓటు హక్కు ఆమెకు దక్కేలా ఆయన రాసిపెట్టిన ఏర్పాటును, ఆమె తనంతట తానే సంస్థకే వదిలేసింది. లాస్ ఏంజిల్స్‌లో పేద పిల్లల వైద్యశాల కోసం తను ఏళ్ల తరబడి ఇచ్చిన సొమ్ము వేరే. 1961 సెప్టెంబరు 22న ఆమె మరణించేనాటికి 'సిటిజన్ కేన్' అందరికీ తెలిసిన చిత్రమైంది. 'ది పాట్సీ' ఎవరికీ గుర్తులేని చిత్రమైంది. ఆ రెండవ చిత్రం ఇప్పుడు చూడటానికి దొరుకుతోంది. ఫొటోల ముందు ఆ పిల్ల తలపై గుడ్డ కప్పుకునే ఘట్టం వరకైనా చూసి, అప్పుడు ఆమెకు నటన రాదని అనగలరేమో చెప్పండి.