అలంపూర్‌కు అరగంట చాలా? ఆ ఫార్వర్డ్ మెసేజ్‌కు నా జవాబు

కార్తీకమాసం వస్తే చాలు, తెలంగాణలో కర్నూలుకు దగ్గరగా ఉన్న అలంపూర్ గురించి ఒక మెసేజ్ వాట్సాప్ గ్రూపుల్లో తిరగడం మొదలవుతుంది. అందులో ఉండేది ఇదీ: దేశంలో బ్రహ్మదేవుడికి తొమ్మిది గుళ్లున్న ఊరు ఇదొక్కటే. శ్రీశైలం డ్యాంలో ఆ తొమ్మిదీ మునిగిపోతే విప్పి తెచ్చి ఇక్కడ కట్టారు. జోగులాంబ గుడి పద్నాలుగు వందల ఏళ్లుగా చెక్కుచెదరలేదు. అమ్మవారి జుట్టులో బల్లులు పెరిగితే ఊరికి కీడు. చివర్లో ఒక సలహా: ఊళ్లో ఇంకేమీ ఉండదు, దర్శనం చేసుకుని అరగంటలో కర్నూలు వెళ్లిపోండి.

పంపేవాళ్ల భక్తి మీద నాకు అనుమానం లేదు. మెసేజ్ మీదే ఉంది. ఒక్కొక్కటే చూద్దాం.

బ్రహ్మ గుళ్ల సంగతి తేలిక. తారక, స్వర్గ, పద్మ, బాల, గరుడ, కుమార, అర్క, వీర, విశ్వ: తొమ్మిది పేర్ల చివరా బ్రహ్మ ఉన్నాడు, కానీ తొమ్మిదీ శివాలయాలే. బ్రహ్మ ఇక్కడ శివుడి కోసం తపస్సు చేశాడని స్థలపురాణం, అందుకే ఆ పేర్లు. బాలబ్రహ్మేశ్వరుడికి అభిషేకం చేయించుకుని వచ్చిన మనిషే ఇంటికెళ్లి ఈ మెసేజ్ ఫార్వర్డ్ చేస్తాడు. అదే నాకు వింత.

అసలు పెద్ద పొరపాటు రెండోది. నవబ్రహ్మ ఆలయాలను ఎవరూ విప్పలేదు, ఎక్కడికీ మోయలేదు. బాదామి చాళుక్యులు ఏడు, ఎనిమిది శతాబ్దాల్లో తుంగభద్ర ఎడమ గట్టున ఎక్కడ కట్టారో ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. స్వర్గబ్రహ్మ ఆలయం వినయాదిత్యుడి కాలం (681–696) నాటిదని అక్కడి శాసనమే చెబుతోంది. శ్రీశైలం జలాశయం నిండితే వెనక్కి తన్నే నీళ్లు ఈ గుళ్లను ముంచుతాయన్న భయం నిజమే. అయితే గుళ్లను కదిలించకుండా నదికీ వాటికీ మధ్య ఎత్తైన రక్షణ గోడ కట్టారు. నది పక్కనే ఉన్న గుళ్లైనా, ఆవరణలో నిలబడితే నది కనపడకపోవడానికి కారణం అదే. చాలామంది ఆ గోడను ఏదో పాత కోట అనుకుని ఫొటోలు దిగుతుంటారు. గోడ ఉన్నంత మాత్రాన ధీమాగా ఉండే ఊరేం కాదిది. 2009 అక్టోబరులో కర్నూలును ముంచిన వరద అలంపూర్‌లోకీ వచ్చింది.

మరి ఈ ‘విప్పి తెచ్చారు’ కథ ఎక్కడిది? దానికీ ఆధారం ఉంది, గుళ్లే వేరు. కృష్ణా తుంగభద్రలు కలిసేచోట కూడవెల్లి అనే ఊళ్లో చాళుక్యుల కాలపు సంగమేశ్వరాలయం ఉండేది. ముంపులో పోయేలా ఉంటే రాయి రాయికీ నంబరు వేసి, విప్పి, అలంపూర్ తెచ్చి అదే వరసలో మళ్లీ పేర్చారు. పాపనాశి గుళ్లను కూడా అలాగే తరలించారు. అవి ఇరవైకి పైగా ఉన్న చిన్న చిన్న ఆలయాల గుంపు. నవబ్రహ్మ గుళ్లలో చాలావాటి శిఖరాలు ఉత్తరాది పద్ధతిలో నిలువుగా వంపు తిరిగి లేస్తాయి. పాపనాశిలో చాలావాటి కప్పులు మెట్లు మెట్లుగా, పిరమిడ్‌లా పైకి సన్నబడుతూ పోతాయి. ఈ రెండు గుంపులూ ఒకే కాలానివి కావని శిల్పశాస్త్రం తెలియనివాళ్లకు కూడా చూడగానే తెలిసిపోతుంది.

సంగమేశ్వరం అనే పేరుతో ఇంకా గందరగోళం ఉంది. శ్రీశైలం ముంపు కథలో ఆ పేరున్న గుళ్లు మూడు. కూడవెల్లిది అలంపూర్ వచ్చింది. రూపాల సంగమేశ్వరాలయాన్ని కర్నూలు దగ్గర జగన్నాథగట్టు మీదికి తరలించారు. మూడోది సప్తనదీ సంగమేశ్వరం, నంద్యాల జిల్లాలో ఉంది. దాన్ని ఎవరూ కదపలేదు. ఏటా జలాశయంలో మునుగుతుంది, ఎండలు ముదిరి నీళ్లు తగ్గాక తేలుతుంది. అందులో వేప మొద్దే శివలింగం. ‘అలంపూర్ గుడి ఆరునెలలు నీళ్లలోనే’ అని యూట్యూబ్‌లో చూపించేది ఈ మూడోదాన్నే. అది చూడాలని అలంపూర్ వచ్చి, పూజారిని ‘మునిగే గుడి ఏదండీ’ అని అడిగితే ఆయన మాత్రం ఏం చెబుతాడు?

ముంపు మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. గుళ్లు తరలించిన గొప్పదనం గురించి మెసేజ్ నాలుగు వాక్యాలు రాసింది. శ్రీశైలం నీళ్ల కింద పోయినవి వందకు పైగా ఊళ్లు. భూములు పోయిన కుటుంబాలకు ఉద్యోగాలిస్తామని 1986లో తెచ్చిన జీవో 98 అమలు కోసం ఈ ప్రాంతపు నిర్వాసితులు దశాబ్దాలు తిరిగారు. వాళ్లకు మెసేజ్‌లో అర వాక్యం కూడా దొరకలేదు.

ఇక జోగులాంబ గుడి. క్షేత్రం ప్రాచీనమే. అష్టాదశ శక్తిపీఠాల్లో అలంపురం ఒకటని శ్లోకం చదివే ప్రతి ఇంట్లోనూ తెలుసు. ఇప్పుడు మనం చూసే కట్టడం మాత్రం 2005లో తెరిచింది. పాత గుడి పద్నాలుగో శతాబ్దంలో బహమనీల దాడిలో ధ్వంసమైందని చెబుతారు. ఆ తర్వాత వందల ఏళ్లు అమ్మవారు బాలబ్రహ్మేశ్వరాలయంలోనే పూజలందుకుంది. కొత్త గుడి కట్టాలని పట్టుబట్టినవాళ్లలో పండితుడు గడియారం రామకృష్ణశర్మ (1919–2006) ముఖ్యుడు. అలంపూర్ శాసనాలు, శిల్పాల మీద జీవితమంతా పనిచేసిన మనిషి. ‘చెక్కుచెదరలేదు’ అని రాస్తే ఆ కష్టమంతా ఉత్తదైపోదా? గర్భగుడి చుట్టూ నీళ్లుండే ఏర్పాటు, అమ్మవారి ఉగ్రరూపాన్ని చల్లబరచడానికని చెప్పేది, ఈ కొత్త గుడిలోనే చూస్తాం.

బల్లుల మాట. విగ్రహం జుట్టులో బల్లి, తేలు, గబ్బిలం, కపాలం ఉన్నాయని పూజారులు చెబుతారు. ఇంట్లో జీవకళ తగ్గితే మొదట బల్లులు చేరతాయి, ఇంకా తగ్గితే తేళ్లు, తర్వాత గబ్బిలాలు, ఆఖరికి చావు, అందుకే ఈ తల్లి గృహచండి అని వివరిస్తారు. వినడానికి చక్కగా ఉంటుంది, పాడుబడ్డ ఇల్లు చూసినవాళ్లకు అర్థం కూడా అవుతుంది. కానీ అది ఇళ్ల గురించిన మాట. దాన్ని ‘అమ్మవారి జుట్టులో బల్లులు పెరిగితే ఊరికి కీడు’ అని మార్చింది మెసేజ్ రాసినాయన. చెక్కిన రాయిలో బల్లులు పిల్లలు పెట్టవు. చాముండ వంటి ఉగ్రదేవతల విగ్రహాల్లో తేలు, కపాలం ఇంకా చాలాచోట్ల కనిపిస్తాయి, అది శిల్పుల సంప్రదాయం. జనానికి లేనిపోని టెన్షన్ పెట్టడం తప్ప ఈ మాటకు ప్రయోజనం ఏముంది?

ఆఖరిది, ‘ఏమీ ఉండదు, అరగంట చాలు’. తొమ్మిది గుళ్ల చుట్టూ ఒక్క ప్రదక్షిణ చేయడానికే అరగంట సరిపోదు. స్వర్గబ్రహ్మ గోడల మీది దిక్పాలకులను, రాతి జాలీ కిటికీలను ఆగి చూడాలి. గుళ్ల దగ్గరి మ్యూజియంలో సంతానదేవత లజ్జాగౌరి శిల్పం ఉంది. దాన్ని చూడటానికి కళాచరిత్ర చదివినవాళ్లు ఎక్కడెక్కడినుంచో వస్తారు. మనం టికెట్ దండగ అని చెప్పుల దగ్గర నిలబడతాం. తర్వాత సంగమేశ్వరాలయం, పాపనాశి. పొద్దున వచ్చి సాయంత్రం దాకా ఉండాల్సిన ఊరు ఇది.

సౌకర్యాల విషయంలో మెసేజ్ సగం నిజం చెప్పింది. పర్యాటక శాఖ హరిత హోటల్ ఉంది. కేంద్రం పుణ్యక్షేత్రాల్లో సౌకర్యాల కోసం పెట్టిన ప్రసాద్ పథకం కింద 36.73 కోట్లు మంజూరు చేసింది, ఆ పనులకు 2024 మార్చిలో ప్రారంభోత్సవం జరిగింది. భక్తులకు ఆ మేరకు మేలే. అయితే అలంపూర్ అంటే యాత్రికులు దిగి ఎక్కే స్టాపు ఒక్కటే కాదు, కృష్ణా తుంగభద్రల మధ్య ఉన్న నడిగడ్డ ప్రాంతంలో ఒక మున్సిపాలిటీ. ఇక్కడివాళ్లకు పెద్ద జబ్బు చేస్తే ఇప్పటికీ కర్నూలు పెద్దాసుపత్రే దిక్కు, అదీ పక్క రాష్ట్రంలో. లాడ్జీలు, మంచి హోటళ్లు కావాలన్నా అంతే. యాత్రికులు అరగంటలో వెళ్లిపోతే ఇక్కడ టిఫిన్ సెంటర్ పెట్టేదెవరు, గదులు కట్టేదెవరు? ఊళ్లో ఏమీ లేదని చెప్పి జనాన్ని తరిమే మెసేజే, ఊళ్లో ఏమీ లేకుండా చేస్తోంది.

రావడం కష్టం కాదు. హైదరాబాద్–కర్నూలు హైవే మీద అలంపూర్ చౌరస్తాలో దిగితే ఊళ్లోకి ఆటోలు, బస్సులు ఉంటాయి. కర్నూలు నుంచి ఆర్టీసీ బస్సులున్నాయి. రైల్లో అయితే జోగులాంబ హాల్ట్ చిన్న స్టేషన్, ఏ బండి ఆగుతుందో ముందే చూసుకోండి. రాతి బండల మీద చెప్పుల్లేకుండా నడవాలి కాబట్టి ఎండాకాలం మధ్యాహ్నం మాత్రం పెట్టుకోకండి.