ఒకే తాళంచెవి దొరగారికి, పర్లాకిమిడి నుంచి

మహారాజశ్రీ సింగిల్ సైన్-ఆన్ లాగిన్ పేజీ గారికి,

నమస్కరించి రాసుకున్న ఉత్తరం. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలని ఉంది గానీ, ప్రస్తుతం కుశలం మీ ఒక్కరిదే.

మాది పర్లాకిమిడి. మహేంద్రతనయ దాటితే పాతపట్నం, అంటే ఆంధ్రా. 1936లో ఊరు ఒరిస్సాకి వెళ్ళింది, ఇంట్లో మాట మాత్రం తెలుగే. ఆఫీసులో ఒడియా, ఫారాల్లో ఇంగ్లీషు. ఇన్ని భాషల మధ్య మేం మనిషిని యాసతో పట్టేస్తాం. "ఏటి బాబూ" అన్నాడా, మనవాడే. మీకు యాస లేదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

మీరు రాకముందు నా సొరుగులో ఒక చీటీ, దాని మీద తొమ్మిది పాస్‌వర్డులు ఉండేవి. "ఒక్కటి చాలు" అన్నారు మీరు. జీతం స్లిప్పు, సెలవు, మెయిలు, హాజరు అన్నీ ఒకే గుమ్మంలోంచి. హాయిగానే ఉంది. దొంగకి ఇంకా హాయి, తొమ్మిదిళ్ళు తిరిగే శ్రమ తప్పింది.

పోయిన నెల మెయిల్లో ఒక లింకు వచ్చింది. ముందు భాగం అక్షరం అక్షరం చదివాను. అచ్చంగా మీదే. పాస్‌వర్డ్ కొట్టాను. "తప్పు, మళ్ళీ కొట్టండి" అంటూ మళ్ళీ మీరే ప్రత్యక్షమయ్యారు. వేలు జారిందేమో అనుకుని ఈసారి ఒక్కో అక్షరం చూసుకుంటూ కొట్టాను. ఆ రెండోవారు మీరు కాదట! లింకు తోకలో 'లాగిన్ అయ్యాక ఫలానా చోటికి పంపు' అని ఒక అడ్రసు వేలాడుతోందట. అది ఎవరిదని అడక్కుండా, నా చెయ్యి పట్టుకుని మీరే అక్కడ దింపి వచ్చారు. తెలిసిన అడ్రసుల జాబితా దగ్గర పెట్టుకుని, అందులో లేనివాణ్ణి పొమ్మనడం మా గేటు వాచ్‌మన్ రోజూ చేసే పనే. ఒకచోటి లాగిన్‌తో ఇంకోచోటికి వెళ్ళనిచ్చే పద్ధతి ఒకటుంది, పేరు ఓఆత్ 2.0. దాన్ని రాసినవాళ్ళు 2012లోనే దీని గురించి హెచ్చరించారు. ఆ రాత్రి నా మెయిలు నుంచి ఆఫీసు మొత్తానికి అదే లింకు వెళ్ళింది. హెడ్ క్లర్కు గారు నొక్కారు. రెండుసార్లు కొట్టారు కూడా.

ఇంకో వేషం మా అబ్బాయి చూపించాడు. పేజీ మధ్యలో లాగిన్ అడుగుతూ చిన్న కిటికీ తెరుచుకుంది. పైన అడ్రసు, తాళం బొమ్మ, మూలన ఇంటూ గుర్తు, అన్నీ ఉన్నాయి. "నాన్నా, దాన్ని పట్టుకుని బయటికి లాగు" అన్నాడు. లాగాను. బ్రౌజర్ అంచు దాటి రానంటుంది. అది కిటికీ కాదు, కిటికీ బొమ్మ. 2022 నుంచి ఈ ఎత్తు పేరు మోసిందట. పగటివేషగాళ్ళు నయం, ఆఖరి రోజున సొంత మొహంతో వచ్చి సంభావన అడిగేవాళ్ళు.

తాళం బొమ్మ చూసుకోండని ట్రైనింగులో చెప్పారు. దొంగ పేజీకి కూడా ఆ తాళం ఉచితంగానే దొరుకుతుంది. జనం దాన్ని చూసి సైటు మంచిదనుకుంటున్నారని 2023లో క్రోమ్ ఆ బొమ్మనే తీసేసింది. మా గోడ మీద పోస్టరు మాత్రం చెక్కు చెదరలేదు.

ఇంతకీ నా బాధేమిటంటే, ప్రశ్నలన్నీ మాకే. పేరు చెప్పు, పాస్‌వర్డ్ చెప్పు, ఓటీపీ చెప్పు, నువ్వు రోబోవి కాదని ఒట్టు పెట్టు. మీరెవరో ఏనాడైనా చెప్పారా? ఆ ఓటీపీ కూడా దొంగ పేజీ అడిగితే ఇచ్చేస్తాం, అది అక్కడికక్కడే మీకు అందించి లోపలికి వెళ్ళిపోతుంది. పాస్‌కీ, అంటే పాస్‌వర్డ్ బదులు మన ఫోన్లోనో కంప్యూటర్లోనో ఉండే తాళంచెవి, అలా కాదు. తనని ఏ డొమైన్ (సైటు అసలు అడ్రసు) కోసం చేశారో అది కనిపిస్తేనే పలుకుతుంది, లేకపోతే నోరు విప్పదు. మనుషుల కన్నా నయం. మాకూ అదే పెట్టించండని అడిగాం. అర్జీ ఆన్‌లైన్లోనే పెట్టాలి, ముందు లాగిన్ అవ్వండి అన్నారు.

లింకు మెయిల్లో పంపారు. ఇంకా నొక్కలేదు.

ఇట్లు,
పాస్‌వర్డ్ రెండుసార్లు కొట్టినవాడు