టోపీ లేనివాడికి ముందు వరుస: రైబోజోమ్ గారికి బహిరంగ లేఖ

కణంలో ప్రోటీన్లు అల్లే మహారాజశ్రీ రైబోజోమ్ గారికి,

తిరుపతి నుంచి రాసుకుంటున్న విన్నపం. కొండకు పోయే బండిని అలిపిరిలో ఆపి, సంచులు దించి చూస్తేగాని పైకి వదలరు. మీ దగ్గరా అలాంటి తనిఖీ ఉందట. ఎంఆర్‌ఎన్‌ఏ అనే ప్రోటీను తయారీ చీటీ తలకు మిథైల్ గ్వానోసిన్ అనే రసాయనపు టోపీ ఉండాలి, ఈఐఎఫ్-4ఈ అనే ప్రోటీను దాన్ని పట్టి చూడాలి, దానికి అతుక్కున్న ఈఐఎఫ్-4జీ అనే మరో ప్రోటీను మీ 40ఎస్ అనే చిన్న ముక్కను పిలుచుకు రావాలి. బాగానే ఉంది. మరి మా చిత్తూరు పల్లెల్లో ఆవు చొంగ కారుస్తూ, గిట్టల సందున పుండ్లతో కుంటుతోందంటే, ఆ గాలికుంటు వైరస్ ఏ టోపీ చూపించి లోపలికొచ్చిందండీ?

దానికి టోపీయే లేదు. దాని చీటీలో ప్రోటీను రాత మొదలయ్యే ముందు సుమారు 450 అక్షరాల మేర మడతలు పడ్డ ఆర్‌ఎన్‌ఏ ఉంటుంది, ఐరెస్ అంటారు. మా ఊరి భాషలో సిఫారసు లేఖ. క్యూ లేదు, తిన్నగా మీ ఒళ్ళోకే. ఆ చీటీ చదివి మీరు మొట్టమొదట చేసిపెట్టేదేమో ఎల్ ప్రొటియేజ్ అనే కత్తి! అది పోయి ఈఐఎఫ్-4జీని రెండుగా నరుకుతుంది. టోపీ చూసేవాడు ఒక ముక్కతో అటు, మిమ్మల్ని పిలిచేవాడు రెండో ముక్కతో ఇటు. ఐరెస్‌కు ఆ రెండో ముక్క చాలు. ఆవు సొంత ఎంఆర్‌ఎన్‌ఏలు టోపీలు పెట్టుకుని బయటే నిలబడతాయి.

అంతటితో ఆగారా? 2,300కు పైగా అమైనో ఆమ్లాలను ఒకే వరసలో, సెకనుకు ఐదారు చొప్పున అల్లుతూ పోతారు. 2ఏ అనే 18 అమైనో ఆమ్లాల ముక్క చివర గ్లైసిన్ పెట్టి, తర్వాతి ప్రోలిన్‌తో ముడి వేయకుండా గొలుసు జారవిడిచి, ఏమీ ఎరగనట్టు ప్రోలిన్ నుంచి మళ్ళీ మొదలుపెడతారు. దొంగకు కత్తెర ఖర్చు కూడా మిగిల్చారన్నమాట. మిగతా తెంపులు చాలావరకు 3సీ ప్రొటియేజ్ చూసుకుంటుంది.

పీకేఆర్ అని కాపలావాడొకడున్నాడు, నిజమే. వైరస్ జాడైన రెండు పేటల ఆర్‌ఎన్‌ఏ కనబడితే మీ పని మొదలుపెట్టించే ఈఐఎఫ్-2కు ఫాస్ఫేట్ తగిలించి పొయ్యే ఆర్పేస్తాడు. ఇంటివాళ్ళకూ పస్తే. పోనీ ఇంటర్‌ఫెరాన్‌తో పక్క కణాలకు వైరస్ వచ్చిందని కబురు పెడదామంటే, ఆ ఎంఆర్‌ఎన్‌ఏకూ టోపీయే కదా, అదీ గేటు బయటే.

మీ దయ ఇలా ఉంటే మాకు దిక్కు టీకాయే. ఓ, ఏ, ఏషియా-1, ఈ వైరస్ మూడు రకాలకూ కలిపి ఆరు నెలలకోసారి. మందు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఎండలో పెట్టినా చెడుతుంది, గడ్డకట్టినా చెడుతుంది. మీకున్నంత ఓపిక దానికి లేదు.

ఇట్లు,
గేటు బయట నిలబడ్డ ఇంటర్‌ఫెరాన్ ఎంఆర్‌ఎన్‌ఏ తరఫున,
ఒక పశువుల డాక్టరు