14 మిల్లీమీటర్ల తగువు

ఏప్రిల్‌లో నాన్నకు కిడ్నీలో రాయి నొప్పి వచ్చి సీటీ తీయిస్తే, రాయితోపాటు పాంక్రియాస్ (క్లోమ గ్రంథి) తోక భాగంలో 14 మిల్లీమీటర్ల సిస్టు (నీటి తిత్తి) కనిపించింది. పాంక్రియాస్ గొట్టాలను చూపించే ఎమ్మార్‌సీపీ స్కాన్ కూడా చేశారు. "బహుశా ప్రమాదం లేనిదే. ఆరు నెలల తర్వాత మళ్లీ స్కాన్ చేద్దాం" అన్నారు డాక్టరు. రాయి పడిపోయింది, సిస్టు మాత్రం ఇంటిల్లిపాది నెత్తిన కూర్చుంది. మొన్న ఆదివారం తెనాలి నుంచి మేనత్త వచ్చింది. నాన్నకు అక్క, రిటైరైన నర్సు. నేను చిక్కుడుకాయలు వలుస్తూ విన్న వాదన ఇది.

అత్త: ఒరేయ్, ఆ ఫైలు అటక మీద పడేయ్. అక్టోబరు దాకా దాని ఊసెత్తకు.

నాన్న: ఎలా పడేస్తానక్కా? "బహుశా" అన్నాడాయన. పెళ్లివారు "బహుశా ఖాయమే" అంటే శుభలేఖలు అచ్చు వేయిస్తామా?

అత్త: వేయించం. అలాగని సంబంధం తప్పిపోయిందని ఏడుస్తూనూ కూర్చోం. స్కాన్ చూసి నూటికి నూరుపాళ్లూ చెప్పడం ఏ డాక్టరు వల్లా కాదు.

నాన్న: అయితే కోసి తీసేయమను. తోకేగా, పీడా వదులుతుంది.

అత్త: వంకాయ తొడిమ తీసినట్టు అనుకున్నావా? తోక తీస్తే చాలాసార్లు దాంతోపాటు ప్లీహం కూడా తీయాల్సి వస్తుంది. కోసినచోట రసం కారిందా, గొట్టాలు పెట్టుకుని వారాల తరబడి తిప్పలు. పైగా షుగరు రావచ్చు. ఇంత తెచ్చిపెట్టుకోవాలంటే తగిన కారణం ఉండాలి కదా. సిస్టు 3 సెంటీమీటర్లకు చేరిందా? లోపల గట్టి బుడిపె ఉందా? పాంక్రియాస్ రసం పారే పెద్ద గొట్టం, మెయిన్ డక్ట్, ఉబ్బిందా? అలాంటిదేదైనా ఉంటే ముందు ఎండోస్కోపీలోనే అల్ట్రాసౌండ్ పెట్టి దగ్గర్నుంచి చూస్తారు, ఆపరేషన్ మాట ఆ తర్వాత. నీ రిపోర్టులో ఒక్కటీ లేదు.

నాన్న: ఆపిల్ కంపెనీ స్టీవ్ జాబ్స్‌కు కూడా కిడ్నీల కోసం తీసిన స్కాన్‌లోనే పాంక్రియాస్ జబ్బు బయటపడింది. 2003లో. 2011లో పోయాడు.

అత్త: ఇది రాత్రి చదివావా, తెల్లవారుజామునా? ఆయనది నీలాంటి సిస్టు కాదు, హార్మోన్లు తయారుచేసే కణాల్లో పుట్టే న్యూరో ఎండోక్రైన్ కణితి. డాక్టర్లు ఆపరేషన్ చేయించుకోమంటే నెలల తరబడి వాయిదా వేశాడు. నువ్వేమో డాక్టరు ఆగమంటే ఆగలేకపోతున్నావు.

(ఆ మాటకు నాన్న దగ్గర జవాబు లేదు. కానీ తర్వాత ఆయన చెప్పింది విని అత్త కూడా చప్పబడిపోయింది.)

నాన్న: ఇవన్నీ నాకూ తెలుసక్కా. తెలిస్తే భయం పోతుందా? రాత్రి రెండున్నరకు మెలకువ వస్తుంది. ఎడమ డొక్క కింద నొక్కి చూసుకుంటాను. గ్యాసు కదిలినా అదేననిపిస్తుంది. పొద్దున ముఖం కడుక్కుంటూ కంటి రెప్ప కిందికి లాగి చూసుకుంటాను, పచ్చబడిందేమోనని. మొన్న బరువు 800 గ్రాములు తగ్గింది. ఆ రోజంతా ముద్ద దిగలేదు. దిగకపోయేసరికి మర్నాడు ఇంకో పావుకిలో తగ్గింది.

అత్త: రోజుకు ఎన్నిసార్లు ఎక్కుతున్నావు ఆ మిషను?

నాన్న: రెండు… మూడు.

అత్త: చెంబుడు నీళ్లు తాగి ఎక్కితేనే ముల్లు కదులుతుంది కదరా! నెలకోసారి చాలు, ఒకటో తారీఖున.

నాన్న: చూసుకోకపోతే ఏదైనా చెయ్యి దాటిపోతే?

అత్త: పాంక్రియాస్ ఉండేది పొట్ట వెనకాల, వెన్నుకు దగ్గర. అక్కడి 14 మిల్లీమీటర్లు నీ వేళ్లకు తగలవు. కళ్లు పచ్చబడినా, నొప్పి వీపులోకి పాకినా, మామూలుగా తింటూ కూడా కిలోలకు కిలోలు తగ్గినా, కొత్తగా షుగరు వచ్చినా అక్టోబరు దాకా ఆగక్కర్లేదు. అప్పటికప్పుడు వెళ్దాం. లేదంటే చూడటం స్కాన్ పని, నీది కాదు.

నాన్న: ఎవరికీ చెప్పొద్దని నువ్వే అన్నావు. లోపల దాచుకునే ఇంత అయింది.

అత్త: (కాసేపాగి) చెబితే ఒక్కొక్కళ్లూ ఒక్కో చావు కథ చెప్తారని అన్నానురా. అటక మీద పడేయమన్నదీ తప్పే. నా కడుపులో ఉంటే నేనూ పడేయలేను. సరే, రెండున్నరకు లేస్తే ఫోను పట్టుకుని వెతక్కు, నాకు చెయ్యి.

నాన్న: ఆ వేళప్పుడా?

అత్త: నైట్ డ్యూటీలు చేసినదాన్ని. ఎలాగూ నాకా టైముకు నిద్ర పట్టదు. అది సరేగానీ, సిగరెట్లు మానేశావా?

నాన్న: తగ్గించాను.

అత్త: తగ్గించాడట! కనురెప్పలు లాగి చూసుకుంటావు, మూడుపూటలా బరువు తూచుకుంటావు. పాంక్రియాస్‌కు నిజంగా చేటు చేసేది మాత్రం జేబులో పెట్టుకుని తిరుగుతావు. ఇన్నిట్లో నీ చేతిలో ఉన్నది అదొక్కటేరా.

(నాన్న జేబులోంచి పెట్టె తీసి బల్ల మీద పెట్టాడు. అత్త అందుకోబోయింది. నాన్న చెయ్యి అడ్డం పెట్టాడు.)

నాన్న: రెండే ఉన్నాయక్కా. ఇవి అయ్యాక.